తలుపు పక్కన పెట్టిన ఇనప గుండు

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 44 ఏళ్లు. హనుమకొండ దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. బరువు 66 కిలోలు. ఈమధ్య పరీక్ష చేయిస్తే మూడు నెలల షుగర్ 6.1 వచ్చింది. ఇప్పుడే మందులు అక్కర్లేదు, వ్యాయామం పెంచమన్నారు డాక్టర్ గారు. రోజూ అరగంట నడుస్తున్నాను గానీ రెండంతస్తులు ఎక్కేసరికి తొడలు వణుకుతున్నాయి. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి 16 కిలోల కెటిల్‌బెల్, అంటే పైన పిడి ఉన్న ఇనప గుండు పంపాడు. ఫోన్‌లో వీడియో చూసి ఒకరోజు ఓ ఇరవై సార్లు ఊపాను. నాలుగు రోజులు నడుము పట్టేసింది. అప్పట్నుంచీ అది తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి పనికొస్తోంది. ఆరేళ్ల కిందట నాకు గర్భసంచి తీసేశారు, అప్పుడు బరువులెత్తొద్దన్నారు. మా అత్తగారు ఆ మాట రోజూ గుర్తు చేస్తున్నారు. మావారేమో ‘ఈ వయసులో ఆడవాళ్లకు ఇనప గుండ్లేంటి, ఇదో కొత్త ఫ్యాషన్’ అంటున్నారు. నేను మొదలుపెట్టొచ్చా? పెడితే ఎలా? మా అత్తగారికి ఏం చెప్పను?
– ఒక టీచర్, హనుమకొండ

జవాబు:

టీచర్ గారూ, మొదలుపెట్టొచ్చు. కాకపోతే ఊపడంతో కాదు. ఆ గుండును ఊపడం మీరు రెండో నెలలో నేర్చుకోవాల్సిన పని. వీడియోల్లో అదే ముందు కళ్లకు కడుతుంది కాబట్టి చాలామంది అక్కడే మొదలుపెడతారు, నడుము పట్టేశాక ‘మనకిది పడదు’ అని వదిలేస్తారు. మీకు పడనిది కెటిల్‌బెల్ కాదు. ఆ రోజు మీరు వంగిన తీరు.

దాని కంటే ముందు ఆపరేషన్ సంగతి మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం అదే.

గర్భసంచి తీసిన తర్వాత ఇంటికి పంపే రోజున ‘బరువులెత్తొద్దు’ అని అందరికీ చెప్తారు. లోపలి కుట్లు మానాలి కాబట్టి చెప్తారు. ఆ మాటకు ఒక గడువు ఉంటుంది. సాధారణంగా ఆరు వారాలు, ఆపరేషన్‌ను బట్టి కొందరికి ఇంకాస్త ఎక్కువ. మన ఇళ్లలో ఏమవుతుందంటే, గడువు అందరూ మర్చిపోతారు, ‘ఎత్తొద్దు’ మాత్రం గుర్తుండిపోతుంది. ఆరు వారాల మాటను మీరు ఆరేళ్లుగా మోస్తున్నారు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో పన్నెండేళ్ల కిందటి ఆపరేషన్ చెప్పి చిన్న డంబెల్ ముట్టుకోవడానికి భయపడినామె ఉన్నారు. అదే మనిషి ఇంట్లో 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఎత్తి స్టాండు మీద తలకిందులుగా పెడతారు. 20 లీటర్లంటే 20 కిలోలు. మీ అబ్బాయి పంపిన గుండు కంటే నాలుగు కిలోలు ఎక్కువ. క్యాన్ ఎత్తితే అది ఇంటిపని, గుండు ఎత్తితే బరువులెత్తడం. మన ఒంటికి ఆ తేడా తెలియదు కదా.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూస్తే, చిన్న వయసులో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉంటాయి. అందుకే ఈ భయం మీ ఒక్కరిది కాదు. కానీ ఆపరేషన్ అయినవాళ్లకే కండబలం ఇంకా ఎక్కువ కావాలి. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేసి ఉంటే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది, ఎముకలు త్వరగా పలచబడతాయి. బరువు మోసే పని పడితేనే ఎముక గట్టిగా ఉంటుంది. నడక మంచిదే, మానొద్దు. కానీ నడక ఒక్కటే ఆ పని పూర్తిగా చేయలేదు.

కాబట్టి ఈ వారంలో మీ గైనకాలజిస్టును ఒకసారి కలవండి. వెళ్లి ‘వ్యాయామం చేయొచ్చా’ అని అడగొద్దు. అలా అడిగితే ‘నడవండి’ అనే జవాబే వస్తుంది. ‘ఆరేళ్ల కిందట ఆపరేషన్ అయింది. ఎనిమిది కిలోలతో మొదలుపెట్టి నెమ్మదిగా పదహారు కిలోలు ఎత్తాలనుకుంటున్నాను. నాకు అడ్డంకి ఏమైనా ఉందా?’ అని సూటిగా అడగండి. అండాశయాలు తీశారా, ఉంచారా అన్నది కూడా కనుక్కోండి. చాలామందికి తమ ఒంట్లో ఏది తీశారో, ఏది ఉంచారో తెలియదు.

ఇంకో మాట సిగ్గుపడకుండా చూసుకోవాలి. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు యూరిన్ చుక్కలు పడుతున్నాయా? సాయంత్రానికి కింది భాగంలో ఏదో జారుతున్నట్టు, బరువుగా ఉంటోందా? గర్భసంచి తీసేశాక కూడా, మూత్రాశయాన్ని కింది నుంచి పట్టి ఉంచే కటి కండరాలు వదులైతే ఇలా జరుగుతుంది. ఉంటే ముందు డాక్టర్‌కు చెప్పండి, ఫిజియోథెరపిస్టు దగ్గర కటి కండరాల వ్యాయామాలు నేర్చుకోండి, తర్వాతే బరువులు. అలాగే నడుము నుంచి కాలి కిందికి లాగే నొప్పి, హెర్నియా, అదుపులో లేని బీపీ, ఛాతీలో నొప్పి, వీటిలో ఏది ఉన్నా డాక్టర్ మాటే ముందు. ఇవేమీ లేకపోతే ఇక మనం పనిలోకి దిగుదాం.

మొదటి వారం గుండును తలుపు పక్కనే ఉండనివ్వండి. ముందు వంగడం నేర్చుకోవాలి.

‘వంగడం ఏముంది, పుట్టినప్పట్నుంచీ వంగుతున్నాం’ అంటారా? మనం వంగేది నడుము దగ్గర. ముగ్గేసేటప్పుడు, చీపురు పట్టినప్పుడు, బకెట్ తీసేటప్పుడు వీపు విల్లులా వంగుతుంది, తుంటి ఉన్నచోటే ఉంటుంది. కెటిల్‌బెల్‌కు కావాల్సిన వంపు తుంటి దగ్గర రావాలి. వీపు బల్లలా తిన్నగా ఉండి, తుంటి కీలు తలుపు బందులా మడవాలి.

రెండు చేతుల్లో కూర గిన్నెలు పట్టుకుని ఉన్నప్పుడు ఫ్రిజ్ తలుపు ఎలా మూస్తారో గుర్తు తెచ్చుకోండి. వెనక్కి తిరిగి పిరుదులతో ఒక్క నెట్టు నెడతాం కదా. అదే కదలిక. మోకాళ్లు కొంచెం సడలుతాయి, పిరుదులు వెనక్కి వెళ్తాయి, పైభాగం దానంతటదే ముందుకు వాలుతుంది. నడుము వంచాలన్న ఆలోచన కూడా రాదు. ఎన్నో రకాలుగా చెప్పి చూశాను, ఈ ఫ్రిజ్ తలుపు మాట అర్థమైనంత తొందరగా ఇంకేదీ ఎవరికీ అర్థం కాలేదు.

గోడకు వీపు పెట్టి ఒక జానెడు దూరంలో నిలబడండి. పిరుదులు వెనక్కి జరిపి గోడను తాకించండి, తాకగానే లేచి నిలబడండి. పది సార్లు. రెండు అంగుళాలు ముందుకు జరిగి మళ్లీ పది. ఇంకో రెండు అంగుళాలు. తొడ వెనక భాగం తాడులా బిగుసుకోవడం తెలుస్తుంది. తెలిసిందంటే సరిగ్గా చేస్తున్నట్టే. వీపు తిన్నగా ఉందో లేదో చూసుకోవడానికి చీపురు కర్ర చాలు. కర్రను వీపు వెంట నిలువుగా పట్టుకోండి. తల వెనక, భుజాల మధ్య, వెన్ను చివర, మూడుచోట్లా ఆనాలి. వంగినప్పుడు మూడింట్లో ఏదైనా కర్రను వదిలేసిందంటే వీపు వంగిపోయినట్టు. రోజుకు ఐదు నిమిషాలు, పొద్దున పాలు కాగేలోపు అయిపోతుంది.

ఈ వారం రోజులూ చాలామందికి విసుగ్గా ఉంటుంది. నాకు మాత్రం ఇదే ముఖ్యం, ఎందుకో చెప్తాను. పదిహేనేళ్ల కిందట నేను కూడా ఒక జిమ్‌లో ఈ వంపు నేర్చుకోకుండానే ఊపడం మొదలుపెట్టాను. నేర్పేవాళ్లు అద్దం ముందు చేసి చూపించి ‘ఇలాగే, ఇలాగే’ అన్నారు. నేను మోకాళ్లు వంచి కూర్చుని లేస్తూ, చేతులతో లాగుతూ ఊపాను. మూడో రోజు పొద్దున వంగి ముఖం కడుక్కోలేకపోయాను. పన్నెండు రోజులు పిల్లలకు జడలు కూడా కుర్చీలో కూర్చునే వేశాను. మీ నాలుగు రోజుల నొప్పి చదివినప్పుడు నాకు ఆ వాష్‌బేసిన్ గుర్తొచ్చింది. అప్పుడు ఎవరైనా నన్ను గోడ దగ్గర ఒక్క వారం నిలబెట్టి ఉంటే అది జరిగేది కాదు.

రెండో వారంలో గుండు దగ్గరికి రండి. మీ దగ్గరున్న 16 కిలోలది నేల మీద నుంచి ఎత్తడానికి బాగా పనికొస్తుంది. మిగతావాటికి మీకు ఇప్పుడు బరువు ఎక్కువ. ఎనిమిది కిలోలది ఇంకొకటి కొనుక్కోండి. మొదలుపెట్టే ఆడవాళ్లలో ఎక్కువమందికి అదే సరిపోతుంది, మగవాళ్లకు 12 లేదా 16. మీ అబ్బాయి మగవాళ్ల లెక్కలో పంపాడు, ప్రేమతోనే పంపాడు, వృథా ఏమీ పోదు. కొనేటప్పుడు పిడి మీద వేళ్లు నడిపి చూడండి. పోత పోసిన గీత మొనగా తగిలితే వద్దు, అరచెయ్యి చీరుకుపోతుంది. రెండు చేతులూ పక్కపక్కనే పట్టేంత పిడి ఉండాలి, అడుగు చదునుగా ఉండాలి. సిమెంటు నింపిన ప్లాస్టిక్‌వి చవక గానీ అదే బరువుకు చాలా లావుగా ఉండి తొడలకు తగులుతాయి. ఇనుముదే తీసుకోండి.

నేల మీద నుంచి ఎత్తడాన్ని డెడ్‌లిఫ్ట్ అంటారు. గుండు మీ రెండు పాదాల మధ్య, సరిగ్గా మడమల వరసలో ఉండాలి. ముందుకు ఉంటే నడుము లాగుతుంది. ఫ్రిజ్ తలుపు నెట్టినట్టు పిరుదులు వెనక్కి పంపి పిడి అందుకోండి. ఎత్తేముందు పిడిని రెండు చేతులతో విరవబోతున్నట్టు బిగించండి, చంకల్లో కాగితం జారకుండా పట్టుకున్నట్టు భుజాలు దగ్గరికి లాగండి. అప్పుడు నేలను పాదాలతో కిందికి నొక్కుతూ లేవండి. గుండును పైకి లాగుతున్నామని కాదు, నేలను తోస్తున్నామని అనుకోవాలి. లేచేటప్పుడు పెదాల మధ్య నుంచి ‘స్స్’ అని గాలి వదలండి. ఊపిరి బిగబట్టొద్దు. కటి కండరాల మీద ఒత్తిడి తగ్గించేది ఈ ఊపిరే. పైకి వచ్చాక పిరుదులు గట్టిగా బిగించి, అదే దారిలో కిందికి. ఐదు సార్లు, ఒక నిమిషం ఆగి మళ్లీ ఐదు, మళ్లీ ఐదు. అంతే.

ఎనిమిది కిలోలతో రెండు పనులు. గుండును రెండు చేతులతో గుండెలకు హత్తుకుని, వెనక ఒక కుర్చీ పెట్టుకుని, కుర్చీ అంచును తాకి లేవడం ఐదేసి చొప్పున మూడు సార్లు. దీన్ని గోబ్లెట్ స్క్వాట్ అంటారు. మెట్ల మీద వణికే మీ తొడలకు మందు ఇదే. ఇక రెండోది, ఒక చేత్తో గుండును సూట్‌కేసులా పట్టుకుని నిటారుగా ముప్పై అడుగులు నడవడం, తర్వాత చెయ్యి మార్చుకోవడం. చూడటానికి ఇది వ్యాయామంలా ఉండదు. కానీ ఒక పక్కే బరువు ఉంటే రెండో పక్క నడుము కండరాలు మిమ్మల్ని ఒరిగిపోకుండా పట్టుకోవడానికి ఎంత కష్టపడతాయో మర్నాడు తెలుస్తుంది. చంకలో బిందె పెట్టుకుని నడిచేవాళ్లు తుంటిని ఒక పక్కకు ఒరిగిస్తారు. ఇక్కడ ఒరగకూడదు, తేడా అదే.

సోమ, బుధ, శుక్రవారాల్లో ఇరవై నిమిషాలు చాలు. మిగతా రోజుల్లో మీ నడక మీది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు, కండబలం పెంచే వ్యాయామం కనీసం రెండు రోజులు ఉండాలని ఉంది. మీ నడకతో మొదటిది దాదాపు వచ్చేస్తోంది. రెండోదే లోటు.

మూడు వారాలు గడిచేసరికి 16 కిలోలు ఐదు సార్లు ఎత్తడం తేలికైపోతుంది. మీకే నమ్మబుద్ధి కాదు. అప్పుడు ఎనిమిది సార్లకు, తర్వాత పదికి పెంచండి. ఆగకుండా పది సార్లు, వీపు వంగకుండా, ఊపిరి బిగబట్టకుండా ఎత్తగలిగిన రోజున ఊపడానికి అర్హత వచ్చినట్టు. అది ఐదో వారంలో రావచ్చు, ఎనిమిదో వారంలో రావచ్చు. తొందరేమీ లేదు.

ఈ ఊపడాన్నే స్వింగ్ అంటారు. ఎనిమిది కిలోలతో మొదలుపెట్టండి. గుండును మీకు ఒక అడుగు ముందు పెట్టి, పిరుదులు వెనక్కి పంపి అందుకుని, రెండు కాళ్ల మధ్య నుంచి బలంగా వెనక్కి విసరండి. ముంజేతులు తొడల లోపలి వైపు, బాగా పైన తగలాలి. గుండు మోకాళ్ల కిందికి దిగితే నడుము మీద పడుతుంది. తగలగానే లేచి నిలబడండి, చటుక్కున, వీధిలో ఎవరో పిలిస్తే ఉలిక్కిపడి లేచినట్టు. పిరుదులు బిగించండి. ఆ ఊపుకే గుండు ఛాతీ ఎత్తుకు వచ్చి ఒక్క క్షణం గాలిలో తేలుతుంది. చేతులు తాళ్లు మాత్రమే, లాగే పని వాటిది కాదు. తిరిగి వచ్చేటప్పుడు తొందరపడి వంగొద్దు. గుండు దాదాపు పొట్ట దగ్గరికి వచ్చేదాకా ఆగి, అప్పుడు పిరుదులు వెనక్కి పంపండి.

చేతులతో లాగుతున్నామా, తుంటితో తోస్తున్నామా అని తెలుసుకోవడానికి నేను అందరి చేతా చేయించే పరీక్ష ఒకటుంది. ఒక గట్టి తువ్వాలును పిడిలోంచి దూర్చి, రెండు కొసలూ కలిపి పట్టుకుని ఊపండి. పైకి వచ్చినప్పుడు మీ చేతులు, తువ్వాలు, గుండు ఒకే గీతలో ఉంటే బలం తుంటి నుంచి వస్తోంది. తువ్వాలు వంగి గుండు కిందికి వేలాడుతుంటే చేతులు లాగుతున్నాయి. పక్కన ఎవరూ చెప్పక్కర్లేదు, తువ్వాలే చెప్తుంది. ఇది బయట మట్టి నేల మీద చేయండి, ముందు మనుషులు గానీ టీవీ గానీ లేకుండా.

పది స్వింగులు చేసి ఊపిరి సర్దుకునేదాకా ఆగండి. ఒక నిమిషం పట్టినా, రెండు పట్టినా ఫర్వాలేదు. అలా ఐదు సార్లు. ఏడో స్వింగు దగ్గర తీరు చెడిపోతే ఏడుతోనే ఆపండి, పది కోసం చేయొద్దు. మర్నాడు పిరుదులు, తొడ వెనక భాగం పట్టేసినట్టు ఉంటే సంతోషించండి. నొప్పి నడుము పట్టీలా వస్తే స్వింగు ఆపి మళ్లీ గోడ దగ్గరికి, చీపురు కర్ర దగ్గరికి వెళ్లండి. 16 కిలోలు ఊపడం మూడో నెల తర్వాతి మాట. తల మీదికి ఎత్తేవి, పడుకుని గుండుతో లేచి నిలబడే టర్కిష్ గెటప్ లాంటివి ఒక్కసారైనా తెలిసినవాళ్ల ముందు నేర్చుకోండి. దూరం నుంచి అవి నేను రాయను.

ఇంట్లో చేసేవాళ్లకు వీడియోల్లో ఎవరూ చెప్పని చిన్న సంగతులు కొన్ని ఉన్నాయి. నైటీతో చేయొద్దు, గుండు కాళ్ల మధ్య నుంచి వెళ్లేటప్పుడు గుడ్డలో చిక్కుకుంటుంది. చున్నీ తీసేసి పంజాబీ డ్రెస్ గానీ ట్రాక్ ప్యాంటు గానీ వేసుకోండి. మంగళసూత్రం లోపలికి వేసుకోండి, లేకపోతే స్వింగులో ముఖానికి వచ్చి తగులుతుంది. గాజులు డెడ్‌లిఫ్ట్‌కు, స్క్వాట్‌కు అడ్డురావు. గుండు ముంజేతి మీద ఆనే వ్యాయామాల దాకా వెళ్లినప్పుడు మట్టి గాజులు పగిలి గుచ్చుకుంటాయి, ఆ ఇరవై నిమిషాలు తీసి పెట్టుకోవాలి. తీయడం పెద్దవాళ్లకు ఇష్టం లేకపోతే ఆ వ్యాయామాలు మానేయండి, మిగతావి చాలు. చెప్పుల్లేకుండా చేయడం మంచిది, తడి నేల మీద మాత్రం వద్దు. టైల్స్ మీద గుండు ఠపీమని పడితే టైలు పగులుతుంది. రెండు మడతలు పెట్టిన గోనెసంచి గానీ రబ్బరు చాప గానీ కింద వేయండి. చెయ్యి చెమట పడితే గుండును పట్టుకోవడానికి పోరాడొద్దు, వదిలేసి పక్కకు తప్పుకోండి.

షుగర్ గురించి. 6.1 అంటే గీత దాటబోయే ముందు మెట్టు. 5.7 నుంచి 6.4 దాకా ఉన్నవాళ్లను ఈ మెట్టు మీదున్నట్టు లెక్కేస్తారు. ఇక్కడి నుంచి వెనక్కి రావడం చాలామందికి సాధ్యమే. తిన్న అన్నంలోంచి వచ్చే చక్కెరలో పెద్ద వాటా తీసుకునేది కండరాలే. పనిచేస్తున్న కండ ఇన్సులిన్ సాయం లేకుండా కూడా చక్కెరను లోపలికి లాక్కుంటుంది, ఆ మేలు ఆ రోజుతో పోకుండా మర్నాటి దాకా ఉంటుంది. రోజు విడిచి రోజు చేయమన్నది అందుకే. తొడలు, పిరుదులు ఒంట్లో పెద్ద కండలు, మీరు చేయబోయేవన్నీ వాటికి పని పెట్టేవే. మందులు వాడని మీకు షుగర్ పడిపోతుందన్న టెన్షన్ అక్కర్లేదు. ఇది చదివేవాళ్లలో ఇన్సులిన్ తీసుకునేవాళ్లు గానీ, గ్లిమిపెరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లు గానీ ఉంటే మాత్రం డాక్టర్‌తో మాట్లాడాకే మొదలుపెట్టాలి.

తిండిలో ఒక్క మార్పు చాలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. మీ 66 కిలోలకు అది దాదాపు 55 గ్రాములు. పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం పలచటి చారు బదులు గట్టి పప్పు, సాయంత్రం ఉడికించిన శనగలు, రాత్రి పెరుగు, మాంసం తినే రోజుల్లో చికెనో చేపో. అన్నం ఒక గరిటె తగ్గి పప్పు ఒక గరిటె పెరగాలి. డబ్బాల్లో అమ్మే పౌడర్లు మీకు అవసరం లేదు.

ఇక మీవారి మాట. ఇది కొత్త ఫ్యాషన్ కాదని చెప్పండి. రష్యాలో దీన్ని గిర్యా అంటారు. ఒకప్పుడు ధాన్యం తూచడానికి వాడిన తూకపు రాయి ఇది. మన కిరాణా కొట్లో కాటా పక్కన ఉండేలాంటిదే, పిడి ఉన్నది. అక్కడి పాత కొలత పూడు, అంటే 16 కిలోలకు కాస్త పైన. గిర్యాలను ఇప్పటికీ ఆ వరసలోనే 16, 24, 32 కిలోలుగా చేస్తున్నారు. మీ తలుపు పక్కనున్నది ఒక పూడన్నమాట. సంతల్లో కుర్రాళ్లు బలం చూపించుకోవడానికి వాటిని ఎత్తేవాళ్లు. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వ్లాదిస్లావ్ క్రయెవ్‌స్కీ అనే డాక్టర్ బరువులతో కసరత్తు చేసేవాళ్లకు ఒక సంఘం పెట్టాడు. తర్వాత అది పోటీ ఆటగా ఎదిగింది. ఆ పోటీల్లో పది నిమిషాల పాటు గుండును కింద పెట్టకుండా ఎత్తుతూనే ఉంటారు. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో పండగలకు సంగిడి రాళ్లెత్తే పోటీలు చూసినవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించదు.

‘ఆడవాళ్లకా’ అన్నదానికి వాదన అక్కర్లేదు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ కరణం మల్లీశ్వరి. శ్రీకాకుళం జిల్లా అమ్మాయి. 2000లో సిడ్నీలో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో, రెండు పద్ధతుల్లో 110, 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తింది. మీ బరువుకు దగ్గర్లో ఉన్న మనిషే. మీరు ఎత్తేది 16. ఇదే మాట మీవారితో మెల్లగా చెప్పండి. ఇంకా మంచిది, ఆయన్ను కూడా గోడ దగ్గర నిలబెట్టండి. మగవాళ్లకు తుంటి ఇంకా బిగుసుకుని ఉంటుంది, పది సార్లు చేసేసరికి ఆయనకే ఆసక్తి పుడుతుంది.

మీ అత్తగారి మాట మాత్రం కొట్టిపారేయకండి. ఆపరేషన్ అయినప్పుడు మీ మంచం పక్కన ఉన్నది ఆవిడే అయ్యుంటారు, ఆ భయం అక్కడిది. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆవిడను కూడా తీసుకెళ్లండి. డాక్టర్ నోటితో వింటే మీరు పదిసార్లు చెప్పక్కర్లేదు. తర్వాత మీరు కుర్చీ పెట్టుకుని స్క్వాట్ చేసేటప్పుడు పక్కన ఆవిడకూ ఒక గట్టి కుర్చీ వేయండి, గోడకు ఆనించి, జరగకుండా. మోకాళ్లు సహకరిస్తే, చేతులు ఛాతీ మీద కట్టుకుని లేచి కూర్చోవడం ఐదు సార్లు. మోకాళ్లు నొప్పయితే కుర్చీ చేతుల మీద ఆని లేవొచ్చు, లేదా సీటు మీద దిండు వేసి ఎత్తు పెంచొచ్చు. ఆవిడకు గుండు వద్దు. బాత్రూంలో ఎవరి సాయం లేకుండా లేవగలగడమే ఆ వయసులో కావాల్సిన బలం, అది ఈ ఐదు సార్లతోనే వస్తుంది. ఆవిడ ఐదు చేశాక మీ ఐదు మొదలుపెట్టండి. ఎన్నయ్యాయో లెక్కపెట్టే పని ఆవిడకే ఇవ్వండి.